మేనకోడలికి ఒక పాత క్యాసెట్టు కబురు

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు.

మూడు రోజులుగా ‘టేక్ ఆన్ మి’ అనే ఒక్క పాటే వింటున్నావని, నీకేమైనా అయిందా అని అడిగావు. ఏమీ కాలేదు. 1986లో నాకూ ఇదే అయింది. ఆ పాట పాడిన బ్యాండు పేరు ఆ-హా అని విని మీ అమ్మమ్మ, ‘అదేం పేరురా, ఎవరో పులుసు రుచి చూసినట్టు’ అన్నది. ఓస్లో నుంచి లండన్ చేరి, చేతిలో డబ్బు లేక తిప్పలు పడిన ముగ్గురు నార్వే కుర్రాళ్లు వాళ్లు. స్పేస్ ఇన్వేడర్స్ ఆట యంత్రం ఉందని ఒక స్టూడియోను ఎంచుకున్న ఘనులు కూడా. వాళ్ల మీద నాకు గౌరవం కంటే ముందు ముద్దు కలిగింది అందుకే.

ఇక నీ ప్రశ్న: ఆ-హా పాటలు ఎక్కడ మొదలుపెట్టాలి? నువ్వు వింటున్న ‘టేక్ ఆన్ మి’ దగ్గరే. కానీ దాని 1984 రూపం వెతికి ముందు అది విను. నిర్మాత టోనీ మాన్స్‌ఫీల్డ్ రికార్డు చేయించినది. గొంతు అదే, వరస అదే, అయినా ఉప్పు తక్కువైన కూరలా ఉంటుంది. ఆ వెంటనే ఆలన్ టార్నీ మళ్లీ రికార్డు చేయించిన 1985 రూపం పెట్టు. ఒక పాట ఎక్కడ ప్రాణం పోసుకుందో నీ చెవికే తెలుస్తుంది. అదీ ఒక్క దెబ్బకు పలకలేదు. బ్రిటన్‌లో మూడోసారి విడుదల చేస్తే గాని జనం పట్టించుకోలేదు. అప్పటికి స్టీవ్ బ్యారన్ తీసిన ఆ పెన్సిల్ బొమ్మల వీడియో తోడైంది. తీసిన ఫిల్ము మీద ఫ్రేము ఫ్రేముకూ చేత్తో గీసిన బొమ్మలు, దాదాపు మూడు వేలు. దానికి నెలలు పట్టింది. 1985 అక్టోబరులో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానం వచ్చింది.

పల్లవి వినేటప్పుడు ఫోను పక్కన పెట్టు. బ్యాండు గాయకుడు మోర్టెన్ హార్కెట్ మంద్రంలో మొదలుపెట్టి మెట్టు మెట్టుకూ ఎక్కుతూ పోతాడు. చివరి మెట్టు దగ్గర గొంతు అరుపులోకి పోకుండా సన్నని దారంలా మారుతుంది. మొత్తం రెండున్నర స్థాయిల (ఆక్టేవుల) ప్రయాణం. సంగీతం నేర్చుకున్నదానివి, అలా ఎక్కడం ఎంత కష్టమో నీకు చెప్పనక్కర్లేదు. స్నానాల గదిలో ప్రయత్నించకు. నేను ప్రయత్నిస్తే పక్కింటివారు వచ్చి ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగారు.

తరువాత ఆ పాటను వారం రోజులు ముట్టుకోకు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఒక్క పాట బ్యాండు అని వాళ్లను తేల్చేసేవాళ్లంతా గుమ్మం దగ్గరే నిలబడి ఇల్లు చూశామనుకునేవాళ్లు. ‘హంటింగ్ హై అండ్ లో’ ఆల్బమ్ మొత్తం పది పాటలు, ముప్పై ఏడు నిమిషాలైనా లేదు. వరుస మార్చకుండా విను. రికార్డు రెండో వైపు మొదట్లో వచ్చే ‘ది సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ’ 1986 జనవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది, ‘టేక్ ఆన్ మి’ అక్కడ రెండో స్థానంలోనే ఆగింది. ఆపైన వాళ్ల రెండో ఆల్బమ్ ‘స్కౌండ్రల్ డేస్’. అది చీకటి పడ్డాక వినవలసినది. నా మాట అడిగితే వాళ్ల అసలు ముఖం అక్కడ ఉంది. వాళ్లు జేమ్స్ బాండ్ సినిమాకు పాడిన పాట గురించి నాకు పెద్ద పట్టింపు లేదు, నీ ఇష్టం.

వరుస మార్చవద్దని ఎందుకన్నానో చెబుతాను. నా మొదటి ప్రతి రికార్డింగ్ షాపులో చేయించిన అరవై నిమిషాల క్యాసెట్టు. ఆల్బమ్ అయిపోయినా రెండు వైపులా టేపు మిగిలిపోయింది. ఖాళీగా ఇస్తే బాగుండదనుకున్నాడో ఏమో, షాపతను రెండో వైపు చివర వేరెవరివో మూడు పాటలు నింపి ఇచ్చాడు. అట్ట మీద ఒక్క ముక్క రాయలేదు. రెండేళ్లపాటు అవీ ఆ-హా పాటలేనని నేను మిత్రులతో వాదించాను. గొంతు వేరుగా ఉంది కదరా అంటే, జలుబు చేసి ఉంటుందని సమర్థించాను. అభిమానం అంత గుడ్డిది. అందుకే ఆల్బమ్‌లో ఏ పాటలు ఏ వరుసలో ఉన్నాయో చూసుకుని విను.

ఎల్పీ రికార్డు కొంటానన్నావు కదా. పాతది కొనేటప్పుడు అట్ట అందం చూసి మురిసిపోకు. రికార్డును అంచులు పట్టుకుని బయటికి తీసి, దీపం కింద ఏటవాలుగా తిప్పి చూడు. వెంట్రుకవాసి గీతలు పరవాలేదు. గోరు తగిలేంత గీత ఉంటే వదిలెయ్. కళ్లకు సమానంగా పట్టుకుని అంచు ఒంగిందేమో చూడు. ఆ పని చేయక నేను ఒకచోట అప్పడంలా అలలు తిరిగిన ఎల్పీ కొన్నాను, సూది దాని మీద పడవలా ఊగింది.

1991లో బ్రెజిల్‌లోని రియో మారకానా స్టేడియంలో వాళ్ల ముందు 1,98,000 మంది ఉన్నారు. ఆ పాత వీడియోలు చూసి, ఇప్పుడూ అలాగే పాడాలని కోరుకునేవాళ్లతో చేరకు. మోర్టెన్‌కు పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు వచ్చిందని 2025 జూన్‌లో బయటపెట్టారు. ఆ వార్త చదివిన రాత్రి నేను పెట్టుకున్నది 2017లో నార్వేలోని గిస్కె దీవిలో, విద్యుత్ వాద్యాల హోరు లేకుండా చేసిన అన్‌ప్లగ్డ్ కచేరీ. ‘టేక్ ఆన్ మి’ని పరుగు మాన్పించి, నడిపించి పాడారు. అదే మాట, అదే మెట్టు, కానీ యాభై ఏడేళ్ల మనిషి ఎక్కుతున్నాడు. నువ్వు ఇది చివర విను, ముందే వింటే అందదు.

పండక్కి వచ్చేటప్పుడు ఎల్పీ తీసుకురా, టర్న్‌టేబుల్‌కు కొత్త సూది వేయించాను. నీ ఫోను కూడా. పాట వింటే పేరు చెప్పేస్తుందట కదా. క్యాసెట్టు చివరి మూడు పాటల్లో రెండు ఎవరివో తెలిశాయి, మూడోది నలభై ఏళ్లుగా తేలలేదు.

మీ మామయ్య