పాత ఆర్‌సీసీ లైబ్రరీ పెచ్చులూడుతోంది, కూల్చేయాలా?

1950ల నాటి లైబ్రరీ భవనం, స్లాబు పెచ్చులూడుతోంది, కమిటీలో కొందరు కూల్చేద్దామంటున్నారు, కాంట్రాక్టరేమో ప్లాస్టరింగ్ చేసి ఫాల్స్ సీలింగ్, ఏసీలు పెట్టేద్దామంటున్నాడు. అంతేగా? పాతదైపోయిందని మాత్రం కూల్చకండి. 1916 నాటి కాచిగూడ స్టేషన్ కూడా ఆర్‌సీసీయే, ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ డిజైను. ఇప్పటికీ అక్కడ రైలెక్కుతున్నాం.

ఫాల్స్ సీలింగ్ మాత్రం ఇప్పుడే వద్దు. ఆ తప్పు నేను చేశాను. పన్నెండేళ్ల కిందట అబిడ్స్ వైపు అలాంటి హాలుకే సైట్ ఇంజినీర్‌ని. ఊడినచోట చెక్కి, రాడ్లకు బ్రష్ కొట్టి, మోర్టార్ పూసి, కింద సీలింగ్ కప్పేశాం. రెండో వానాకాలంలో సీలింగ్ బోర్డు బొక్కపడి పిడికెడు కాంక్రీటు బెంచీ మీద పడింది. అదృష్టం, ఆదివారం. విప్పి చూస్తే మేం అతికిన చోట్లు చెక్కుచెదరలేదు, వాటి చుట్టూ జానెడు మేర ఊడింది. ఒకే రాడ్డు మీద కొంత కొత్త మోర్టార్, కొంత పాడైన పాత కాంక్రీటు ఉంటే తుప్పు పాత వైపు జోరందుకుంటుందట, అప్పటికి నాకు తెలీదు. టెర్రస్ మీద నీళ్లు నిలవడం కూడా ఆపలేదు మరి.

రెండోసారి పెద్ద మేస్త్రీ పరంజా ఎక్కి చిన్న సుత్తితో స్లాబంతా తట్టుకుంటూ పోయాడు. గట్టిచోట ఖంగుమంటుంది, డొల్లచోట డబ్బుమంటుంది. చాక్‌పీసుతో గీసుకుంటూ పోతే మధ్యాహ్నానికి సగం స్లాబు తెల్లబడింది. చెక్కిన తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే ద్రావణం చల్లితే, కాంక్రీటులో క్షారం ఉన్నచోట గులాబీ రంగు రావాలి. రాడ్ల దాకా ఎక్కడా రాలేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి దిగి కాంక్రీటులోని క్షారాన్ని తినేసింది. రాడ్డుకు తుప్పు పట్టకుండా కాసేది ఆ క్షారమే. తుప్పు ఇనుము కంటే రెట్టింపు పైనే చోటు తీసుకుంటుంది, పెచ్చును తోసేది అదే.

ముందు టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, పైపులు సరిచేయించండి. తర్వాత స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో కోర్ శాంపిల్స్ (బలం చూడ్డానికి స్లాబులోంచి తొలిచి తీసే కాంక్రీటు ముక్కలు), హాఫ్ సెల్ టెస్టు (లోపలి రాడ్లకు తుప్పు పడుతోందేమో చూసేది) చేయించండి. రిపేరులో రాడ్డు వెనక వేలు పట్టేంత చెక్కారో లేదో మీరే నిచ్చెనెక్కి చూడండి. ఆ కాలం రాడ్లు నున్నటి మైల్డ్ స్టీలువి, బలం నేడు వాడే ఎఫ్‌ఈ 500 రకం రాడ్లలో సుమారు సగమే. పుస్తకాల స్టాక్ గదికి నేటి కోడ్ చదరపు మీటరుకు దాదాపు 600 కిలోల బరువు లెక్కేయమంటుంది. అందుకే కొత్త ర్యాకులు లెక్క చూడకుండా మేడమీదికి ఎక్కించకండి.

ఏసీలు పెట్టుకోవచ్చు. డక్టు కోసం బీముకు కన్నం వేయనివ్వకండి, అవుట్‌డోర్ యూనిట్లు సన్‌షేడ్ మీద పెట్టనివ్వకండి. మా హాలులో రెండో రౌండు ఊడింది సరిగ్గా ఏసీల నీళ్లు కారినచోటే.