మూత వాలిస్తే బొమ్మ మాయం

ప్రశ్న: మా పాత ల్యాప్‌టాప్ మూత కాస్త వెనక్కి వాలిస్తే తెర నల్లబడుతోంది, ముందుకు లాగితే మళ్లీ వస్తోంది. షాపులో ప్యానెల్ మార్చాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తొందరపడకండమ్మా. కోణం మారితే బొమ్మ వచ్చిపోతోందంటే నా అనుమానం ముందు మదర్‌బోర్డు నుంచి తెరకు బొమ్మను మోసుకొచ్చే డిస్‌ప్లే కేబుల్ మీదే. ఆ సన్నటి తీగలు హింజ్ (మూత కీలు) దగ్గర మడతపడీ పడీ చిట్లుతాయి. తెర నల్లబడినప్పుడు గది చీకటి చేసి, ఏటవాలుగా టార్చి వేయండి. అక్షరాలు లీలగా కనబడితే బొమ్మ వస్తూనే ఉంది, వెనక వెలుగే ఆగిపోయింది. టీవీకి కలిపితే బొమ్మ నిలకడగా ఉందా, బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ చిప్ గురించి టెన్షన్ వద్దు. కొత్త కేబుల్‌కి మోడల్ పేరొక్కటే చాలదు. దాని కొసన ఉండేది 30 పిన్నా, 40 పిన్నా అన్నది, పాతదాని స్టిక్కర్ మీది పార్ట్ నంబరు చూసి తెప్పించండి. విప్పేముందు బ్యాటరీ తీయమనండి. లేకపోతే ఆ వెనక వెలుగుకి (బ్యాక్‌లైట్) కరెంటిచ్చే ఫ్యూజు ఎగిరిపోయి ఇంకో బిల్లు తయారు!