ఆ మూడో ప్రశ్న గురించి మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో నీ స్నేహితురాళ్లిద్దరితో కలిసి మన మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల పది ఊళ్లు తిరిగి, నూటికి 39 మంది ఓట్లతో ఏర్పడిన రాష్ట్ర ప్రభుత్వం గురించి జనం ఏమనుకుంటున్నారో అడిగి రాసుకోబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఓటు వేసి వచ్చాక ఆ మనిషి మనసులో ఏముందో ఎవరూ అడగని ఈ రోజుల్లో, ఆ పని కోసం నా కూతురి కూతురు చెప్పులు వేసుకుని బయలుదేరుతోందంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. అయితే నువ్వు తయారు చేసుకున్న ప్రశ్నల కాగితాన్ని మీ అమ్మ నా ఫోనుకు పంపింది. మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం దాని కోసమే రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. గొడుగు, నీళ్ల సీసా, విశ్వవిద్యాలయం గుర్తింపు కార్డు వెంట ఉంచుకో. ఊళ్లో అడుగు పెట్టగానే పంచాయతీ కార్యదర్శికి ఒక మాట చెప్పు. మెడలో కండువా ఉన్నవాణ్ని ఎవరినీ వెంట తిప్పుకోవద్దు, ఎంత మంచివాడైనా సరే. చీకటి పడకముందే బస్సెక్కు.

ఇక నీ మూడో ప్రశ్న. "నూటికి 61 మంది వద్దన్న ప్రభుత్వాన్ని మీ ప్రభుత్వంగా భావిస్తున్నారా? మీ ఓటు వృథా అయిందని అనిపిస్తోందా?" అని రాశావు. నీ లెక్కలో తప్పు లేదు. 2023 ఎన్నికల్లో మన రాష్ట్రంలో గెలిచిన పార్టీకి నూటికి 39 ఓట్లు, 119లో 64 స్థానాలు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న పార్టీకి నూటికి 37 ఓట్లు వచ్చినా దక్కినవి 39 స్థానాలే. ఆరు నెలలు తిరిగేసరికి, 2024 జూన్‌లో, పక్కన ఆంధ్రప్రదేశ్‌లో అదే నూటికి 39 ఓట్లు తెచ్చుకున్న పార్టీకి 175లో 11 స్థానాలే మిగిలాయి. ఎదుట ఉన్నవాళ్లు విడివిడిగా నిలబడ్డారా, చేతులు కలిపి నిలబడ్డారా అన్నదాన్ని బట్టి ఒకే 39 ఒకచోట గద్దె ఎక్కించింది, మరొకచోట అడుగున పడేసింది. ఏ నియోజకవర్గానికి ఆ నియోజకవర్గంలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలిచే పద్ధతిలో ఇలాగే జరుగుతుంది. ఢిల్లీ సంగతీ ఇంతే. 1952లో 45 శాతం ఓట్లతో 489లో 364 స్థానాలు గెలిచిన రోజు నుంచి 2014లో 31 శాతంతో 282 స్థానాలు గెలిచిన రోజు దాకా, ఆ తర్వాత కూడా, లోక్‌సభ ఎన్నికల్లో ఏ ఒక్క పార్టీ దేశం మొత్తం మీద సగం ఓట్లు సంపాదించలేదు. రాజ్యాంగ సభలో దామాషా పద్ధతి, అంటే వచ్చిన ఓట్ల నిష్పత్తిలో స్థానాలు పంచే పద్ధతి, కావాలని అడిగినవాళ్లకు అంబేద్కర్ 1949 జనవరిలో సమాధానం చెబుతూ, చదువు ఇంకా అందని జనానికి అది కష్టమవుతుందని, సభ ముక్కలై ప్రభుత్వం నిలవదని అన్నారు. ఆ వాదన ఇప్పటికీ చెల్లుతుందా లేదా అన్నది నువ్వు, నేను తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

నా అభ్యంతరం "వద్దన్న" అనే మాట మీద. 61 మంది వద్దనలేదు తల్లీ, వేరేవాళ్లను కావాలన్నారు. ఓటు యంత్రం మీద ఒక్క మీటే నొక్కుతాం. రెండో ఇష్టం ఎవరో, అసలు సహించలేనిది ఎవరినో ఆ యంత్రం అడగదు. వేరే గుర్తుకు వేసినవాళ్లలో "వీళ్లు వచ్చినా పరవాలేదు" అనుకున్నవాళ్లు ఎందరో, "వీళ్లు తప్ప ఎవరైనా సరే" అనుకున్నవాళ్లు ఎందరో నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలుసుకోవడానికే నువ్వు వెళుతున్నావు. అలాంటప్పుడు జవాబును ముందే ప్రశ్నలో పెట్టి వాళ్ల చేతికి ఇస్తే ఎలా? ఇంత చదువు చదివి ఇంత తొందరపడతావా?

నిన్ను కోప్పడే అర్హత నాకు తక్కువ. ఆ ప్రశ్న నీకన్నా ముందు నేను అడిగాను. ఇన్నేళ్లుగా మీ అమ్మమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెబుతున్నాను.

2009లో ఉమ్మడి రాష్ట్రంలో మూడు వైపులా పోటీ జరిగింది. గెలిచిన పార్టీకి నూటికి 36 ఓట్ల పైచిలుకుతో 294లో 156 స్థానాలు వచ్చాయి. కొత్తగా పుట్టిన ప్రజారాజ్యం పార్టీకి నూటికి 16 మంది ఓటు వేస్తే 18 స్థానాలే దక్కాయి. నేను పదవీ విరమణ చేసి ఏడాది అయింది. పాతికేళ్లు పోలింగ్ విధులు చేసినవాణ్ని కాబట్టి ఎవరి గురించీ నోరు మెదపకూడదన్న నియమం నన్ను కట్టేసి ఉండేది. అది తీరిపోయింది. నేను, నాతో పనిచేసిన ఇద్దరు ఉపాధ్యాయులు కలిసి, ఈ ఎన్నికల పద్ధతిని మార్చాలంటూ ఒక విన్నపం రాసి ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించడం మొదలుపెట్టాం.

బీడీలు చుట్టేవాళ్ల వాడలో నా పాత విద్యార్థి తల్లి ఒకామె ఉండేది. చాట ఒడిలో పెట్టుకుని, కత్తెరతో తునికాకు కోస్తూ, తల ఎత్తకుండానే నన్ను కూర్చోమంది. నేను చెప్పింది ఆమెకు అర్థం కాలేదు. పాఠం చెప్పడం అలవాటైన ప్రాణం కదా, ఊరుకోలేకపోయాను. ఆమె కట్టి పెట్టిన ఇరవై అయిదేసి బీడీల కట్టలు నాలుగు తీసుకుని, దారాలు విప్పి, అరుగు మీద పరిచాను. ముప్పై ఆరు లెక్కపెట్టి ఒక పక్కకు జరిపి, "ఇవి గెలిచినవాళ్ల ఓట్లు, వీటికే సర్కారు వచ్చింది" అన్నాను. మిగిలిన అరవై నాలుగు బీడీలను ఇవతలికి నెట్టి, "నీది ఇందులో ఉంటే లెక్కకు రానట్టే" అన్నాను. ఆమె చేతిలో కత్తెర ఆగింది. రెండు కుప్పలనూ మార్చి మార్చి చూసింది. "గట్లయితే నేను ఎండల నిలబడ్డది ఉత్తదేనా సారూ?" అని అడిగింది. పాఠం బాగా ఎక్కిందన్న సంతోషంలో నేను, "ఉత్తదే అమ్మా, ఈ పద్ధతి మారేదాకా ఉత్తదే" అన్నాను. వేలిముద్ర వేయించుకుని, ఆమెకు నమస్కారం పెట్టి, పక్క ఇంటికి వెళ్లాను. విప్పిన ఆ నాలుగు కట్టలు మళ్లీ కట్టి ఇవ్వాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఆ డిసెంబరులో తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచింది. మా విన్నపాన్ని పట్టించుకునే తీరిక మాకూ లేదు, ఊరికీ లేదు. కాగితాలు పెట్టెలోకి వెళ్లాయి.

2014 ఏప్రిల్ 30న, కొత్త రాష్ట్రానికి మొదటి శాసనసభను ఎన్నుకునే రోజున, వయసు మళ్లినవాళ్లను పోలింగ్ కేంద్రానికి తీసుకువెళ్లడానికి నేనూ కొందరు కుర్రవాళ్లూ వాడల్లోకి వెళ్లాం. ఆమె అదే అరుగు మీద, అదే చాటతో కూర్చుని ఉంది. లేవలేదు. "ఉత్తదని మీరే చెప్పిన్రు గద సారూ. ఉత్తదానికి ఒక పూట బీడీలు ఎందుకు పోగొట్టుకోవాలె?" అంది. ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. మాస్టారు చెప్పిన పాఠాన్ని శ్రద్ధగా గుర్తుపెట్టుకున్న మనిషి మాటలా ఉంది. ఓటు విలువ గురించి బడిలో ముప్పై ఏళ్లు చెప్పిన మాటలన్నీ అక్కడ ఆమె ముందు మళ్లీ చెప్పాను. ఆమె వినింది, తల ఊపింది, ఆకు కోసుకుంటూ ఉండిపోయింది. సాయంత్రం అయిదు దాటాక ఇంటికి వచ్చి అన్నం ముట్టకుండా పడుకున్నాను. 2018 ఎన్నికల నాటికి ఆమె లేదు.

నేను ఆమెకు చెప్పవలసింది వేరే ఉంది. అభ్యర్థి కట్టిన ధరావతు తిరిగి రావాలంటే పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి, ఆ ఆరో వంతులో ఓడినవాడికి వేసిన ఓటూ ఉంటుంది. ఒక పార్టీకి రాష్ట్ర పార్టీగా గుర్తింపు నిలవాలన్నా, దాని గుర్తు దానికే మిగలాలన్నా, శాతాల లెక్కలో ప్రతి ఓటూ కలుస్తుంది. గెలిచినవాడు ఎంత తక్కువ తేడాతో గెలిస్తే, మరుసటి ఏడాది అంత తరచుగా ఆ వాడకు వస్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె ఓటు ఆమె పోలింగ్ కేంద్రం లెక్కలో, ఫలితాల పత్రంలో, ఒక అంకెగా ఉంది, ఈనాటికీ ఉంది. ఇవన్నీ తెలిసినవాణ్ని అయి ఉండి, వాదన గెలవాలన్న ఆత్రంలో బీడీలు రెండు కుప్పలు చేసి పెట్టి వచ్చాను.

అందుకే ఆ మూడో ప్రశ్న కొట్టేయమని అడుగుతున్నాను. బదులుగా ఏమి అడగాలో నీకే తెలుస్తుంది. నా మాట కూడా వింటానంటే, "ఓట్లయినప్పటి నుంచి మీ పనికి ఎవరి దగ్గరికి వెళ్లారు, ఏమన్నారు?" అని అడిగి చూడు. తాను ఓటు వేయని ప్రభుత్వం దగ్గర తన మాట చెల్లుతోందో లేదో ఆ జవాబులోనే బయటపడుతుంది.

జనం దృష్టిలో ప్రభుత్వాన్ని నిలబెట్టేది సగానికి మించిన అంకె ఒక్కటే కాదని నేను 1984 ఆగస్టులో చూశాను. ఎన్.టి. రామారావు 1983లో నూటికి 46 ఓట్లతో అధికారంలోకి వచ్చారు, అంటే సగం కన్నా ఎక్కువ మంది ఆయనకు వేయలేదు. ఆగస్టు 16న గవర్నర్ ఆయన ప్రభుత్వాన్ని తొలగించినప్పుడు నేను పనిచేసే ఊళ్లో దర్జీ ఒకతను మిషను మూసి రోడ్డెక్కాడు. అతను చేతి గుర్తుకు వేసినవాడని ఊరంతటికీ తెలుసు. "ఎవరికి ఏస్తేనేమి సారూ, ఓటుతోని దించాలె గాని గిట్ల దించుడేంది?" అన్నాడు. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఆ గవర్నర్ స్థానంలో వచ్చిన కొత్త గవర్నర్ ఆయనను తిరిగి కూర్చోబెట్టవలసి వచ్చింది. 2011లో దీనికి తలకిందులైన సంగతి జరిగింది. ప్రజారాజ్యం తాను ఎదిరించిన పార్టీలోనే కలిసిపోయినప్పుడు, ఓడిన రోజున కూడా బాధపడని మనుషులు బాధపడ్డారు. తమ ఓటు తక్కువ పడిందంటే ఓర్చుకున్నారు, తమ ఓటును తమను అడగకుండా ఎత్తుకెళ్లి మరొకరికి ఇవ్వడాన్ని ఓర్చుకోలేకపోయారు. మన రాష్ట్రం వచ్చాక గెలిచిన గుర్తును వదిలి అధికార పక్షంలో చేరిన శాసనసభ్యులను ఎందరినో చూశాం కదా, వాళ్ల నియోజకవర్గాల్లోనూ ఈ బాధ నీకు కనిపించవచ్చు. దాన్ని నీ పుస్తకంలో వేరుగా రాసుకో, 39 శాతం లెక్కలో కలపవద్దు.

నాకున్న మరో భయం కూడా చెబుతాను. ఎవరికి వేశారని పొరపాటున కూడా అడగవద్దు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఎవరికి ఓటు వేశావో చెప్పమని సాక్షిని కూడా బలవంతం చేయడానికి లేదు. ఓటు యంత్రాలు వచ్చాక ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఫలితాల పత్రంలో తెలిసిపోతోంది. బ్యాలెట్ కాగితాల కాలంలో కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించేవాళ్లు. కేంద్రాలవారీ లెక్క బయటపడకుండా కలిపి లెక్కించే పరికరం కావాలని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, 2015లో లా కమిషన్ కూడా దాన్ని బలపరిచింది, ఇంకా అమలులోకి రాలేదు. కాబట్టి గెలిచినవాళ్లకు తక్కువ ఓట్లు పడిన వాడలో నువ్వు పుస్తకం, పెన్ను పట్టుకుని కనిపిస్తే, పింఛను పోతుందేమో, ఇల్లు రాకుండా చేస్తారేమో అని జంకుతారు. అందరూ గెలిచిన గుర్తుకే వేశామంటారు. అబద్ధం చెప్పారని వాళ్లను తక్కువ చేసి రాయకు. ఆ జంకునే రాసుకో. పేర్లు రాయవద్దు, ఫోనులో బొమ్మ తీయవద్దు, ఆడవాళ్లతో మగవాళ్లు పక్కన లేనప్పుడు మాట్లాడు, బీడీలు కంపెనీకి అప్పగించి వచ్చాక సాయంత్రం కాస్త తీరిక ఉంటుంది, అప్పుడు వెళ్లు.

మొదటి రోజు మన ఇంటికే రా. అమ్మమ్మ సర్వపిండి చేసి పెడతానంటోంది, మీ ముగ్గురికీ దారిలోకి కూడా కట్టి ఇస్తుంది. ఎండకు నల్లబడి వస్తావని ఇప్పటి నుంచే గొణుగుతోంది. నువ్వు ఏ ఊరు దాటినా నాకు ఒక ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

2009 నాటి విన్నపం కాగితాలు ఇంకా నా ఇనుప పెట్టెలోనే ఉన్నాయి. బయలుదేరే ముందు వాటిని ఒకసారి నీ చేతిలో పెట్టాలని ఉంది. రెండో కాగితంలో కుడివైపు, పై నుంచి నాలుగో వేలిముద్ర ఆమెది.

ఆశీస్సులతో,
తాతయ్య