కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ అవ్వడం కూడా ఒక ఉద్యోగమేనా?

మీ అబ్బాయి హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు, ఆడటానికి తన ఎత్తు చాలదని తనకే అర్థమైంది, అందుకని కాలేజీ టీమ్‌కి కోచ్‌నవుతానంటున్నాడు. "ఇదీ ఒక ఉద్యోగమేనా, ఇంజినీరింగ్ మానిపించి అటు పంపాలా" అని మీరు అడిగారు. ఉద్యోగమేనండి. పైస్థాయికి వెళ్తే గవర్నర్ కన్నా ఎక్కువ జీతం కూడా. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్లందరిలోకీ ఎక్కువ తీసుకునేది యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. కానీ ఆ జీతం దాకా వెళ్లే దారి ఎలా ఉంటుందో చెప్పాలి.

నేను కోచ్‌ని కాదు. 2016 నుంచి 2018 దాకా బాల్టిమోర్ పక్కన యూఎంబీసీలో (యూనివర్సిటీ ఆఫ్ మేరీలాండ్, బాల్టిమోర్ కౌంటీ) ఎంఎస్ చేశాను. మనవాళ్లు బోలెడంత మంది చదివే కాలేజీ. ఆఖరి సెమిస్టర్‌లో క్యాంపస్‌లో కొత్త అరీనా తెరిస్తే అందులో గంటల లెక్కన పనికి చేరాను. టికెట్లు స్కాన్ చేయడం, మ్యాచ్ అయ్యాక కుర్చీలు మడిచి పేర్చడం. ఒంగోలు నుంచి వచ్చినవాణ్ని, నాకు తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే.

మా కాలేజీకి పేరు చెస్‌లో. బాస్కెట్‌బాల్ అంటే సీనియర్లు నవ్వేవాళ్లు. నేను వెళ్లేముందు ఏడాది 7 గెలిచి 25 ఓడారు. ఆ సీజన్ అవగానే రయన్ ఓడమ్ అనే ఆయన్ని హెడ్ కోచ్‌గా తెచ్చారు. మొదటి ఏడాదే 21 గెలిచాడు.

మీ అబ్బాయికి చూపించాల్సింది అంతకుముందు ఆయన బతుకు. తండ్రి డేవ్ ఓడమ్ పేరున్న కోచ్. ఒకప్పుడు వర్జీనియా యూనివర్సిటీలో అసిస్టెంట్‌గా ఉండేవాడు, కొడుకు అక్కడ బాల్ బాయ్. అలాంటి ఇంట్లో పుట్టినా దారేమీ దగ్గరవలేదు. చిన్న కాలేజీలో ఆడి, 1996లో డిగ్రీ అయ్యాక దాదాపు ఇరవై ఏళ్లు ఒకరి కింద ఒకరి కింద పనిచేశాడు. సౌత్ ఫ్లోరిడా, ఫర్మన్, ఆష్‌విల్, అమెరికన్, వర్జీనియా టెక్, షార్లెట్, అన్నీ యూనివర్సిటీలే. ఒక్కో పేరుకీ ఒక్కో సర్దుడు, ఒక్కో కొత్త ఊరు. షార్లెట్‌లో హెడ్ కోచ్ సెలవులో ఉంటే కొన్నాళ్లు తాత్కాలికంగా ఆ కుర్చీలో కూర్చున్నాడు, తర్వాత అక్కడ ఉద్యోగమే లేదు. ఒక మెట్టు దిగి లెనోయిర్ రైన్ అనే డివిజన్ టూ (రెండో స్థాయి) కాలేజీలో ఒక ఏడాది చేశాడు. మా దగ్గరికి వచ్చేసరికి నలభై దాటింది.

ఇక 2018 మార్చి. మా కాన్ఫరెన్స్, అంటే మేం ఆడే కాలేజీల లీగ్, ఫైనల్ వర్మాంట్‌తో. వాళ్ల చేతిలో వరసగా 23 సార్లు ఓడి ఉన్నాం. ఇంకో 0.6 సెకను ఉందనగా జైరస్ లైల్స్ దూరం నుంచి వేసిన బంతి పడింది, 65-62. దాంతో 68 టీమ్‌ల జాతీయ టోర్నమెంట్‌లోకి వెళ్లాం, అదీ 16వ సీడ్‌గా, అంటే అందరికన్నా బలహీనమని లెక్కగట్టిన టీమ్‌లలో ఒకటిగా. ఎదురుగా ఒకటో సీడ్, అంటే బలమైన టీమ్‌లలో ఒకటైన వర్జీనియా, ఓడమ్ చిన్నప్పుడు బంతులందించిన చోటు. అప్పటిదాకా మగవాళ్ల టోర్నమెంట్‌లో ఒకటికీ పదహారుకీ 135 మ్యాచ్‌లు జరిగితే 135 సార్లూ ఒకటే గెలిచింది.

16వ తేదీ శుక్రవారం రాత్రి మా అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం ఒక లాప్‌టాప్ ముందు. సగం ఆటకి 21-21. పర్లేదు, పరువు నిలిచింది అనుకుని ఒకడు అన్నం పెట్టుకోవడానికి లేచాడు. తిరిగొచ్చేసరికి ఆట మారిపోయింది. రెండో సగంలో మావాళ్లు 53 కొట్టారు, చివరికి 74-54. బంతి నడిపించే మా పాయింట్ గార్డ్ కేజే మౌరా ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు, ఇది మీవాడికి తప్పకుండా చెప్పండి. ఆదివారం ఉగాది. వేపపువ్వు దొరక్క కాకరకాయ తురిమి పచ్చడి చేసుకున్నాం. ఆ సాయంత్రమే తర్వాతి రౌండ్‌లో కాన్సస్ స్టేట్ చేతిలో 50-43తో ఓడిపోయాం.

మాకు పండగైన శుక్రవారం అవతలి కోచ్ టోనీ బెనెట్‌కి ఎలా గడిచి ఉంటుందో నాకు చాలా రోజుల దాకా తట్టలేదు. ముఖ్యమైన ఆటగాడు డియాండ్రే హంటర్ మణికట్టు విరిగి ఆడలేదు, అయినా మగవాళ్ల టోర్నమెంట్ చరిత్రలో పదహారో సీడ్ చేతిలో ఓడిన మొదటి ఒకటో సీడ్ అన్న ముద్ర ఆయనకే పడింది. మరుసటి ఏడాది, 2019లో, అదే బెనెట్ జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. జీతం పెంచుతామంటే వద్దని, స్టాఫ్‌కి ఇవ్వమన్నాడు. 2024 అక్టోబర్‌లో, సీజన్ ఇంకో మూడు వారాల్లో మొదలవుతుందనగా తప్పుకున్నాడు. 2021 నుంచి ఆటగాళ్లు ప్రచారాలకి డబ్బు తీసుకోవచ్చు, కాలేజీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. అంటే ప్రతి వసంతంలో సగం టీమ్‌ని మళ్లీ బేరమాడి తెచ్చుకోవాలి. ఈ కొత్త పద్ధతికి తాను సరిపోనని చెప్పి వెళ్లిపోయాడు.

ఓడమ్ ఈలోగా 2021లో యూటా స్టేట్‌కి, 2023లో వీసీయూకి (వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ) మారాడు. 2025 మార్చిలో వర్జీనియా హెడ్ కోచ్ అయ్యాడు. ఏ టీమ్‌ని ఓడించి దేశానికి తెలిశాడో ఆ టీమ్‌కే. సినిమాలో పెడితే మరీ అతి అంటాం.

మీవాడు చేరగలిగే మొదటి మెట్టు స్టూడెంట్ మేనేజర్. ఇది నేను దగ్గర నుంచి చూశాను. జనం వెళ్లాక నేను కుర్చీలు మడుస్తుంటే, ఒక కుర్రాడు బేస్‌లైన్ దగ్గర నేల మీద కూర్చుని టవల్స్ మడతపెట్టేవాడు. పక్కన లాప్‌టాప్‌లో తర్వాతి మ్యాచ్ ప్రత్యర్థి వీడియో. ఒక గార్డ్ ఎడమ వైపు వెళ్లిన ప్రతిసారీ ఆపి, ముక్క కత్తిరించి, మళ్లీ టవల్ తీసుకునేవాడు. ఎన్ని గంటలైందని అడిగితే, పొద్దున్న ఆరింటికి వచ్చానన్నాడు. జీతమెంత అంటే నవ్వాడు.

ఆ పనిలో నాలుగేళ్లు నిలబడితే పైచదువు చదువుతూ టీమ్‌కి పనిచేసే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, తర్వాత వీడియో పని, తర్వాత అసిస్టెంట్ కోచ్. ఎక్కడా గ్యారంటీ లేదు. మార్చి వచ్చిందంటే పదుల సంఖ్యలో హెడ్ కోచ్‌ల ఉద్యోగాలు పోతాయి, ఒక్కొక్కరితో పాటు స్టాఫ్ మొత్తం ఇళ్లు సర్దుకుంటారు. పెళ్లిసంబంధాలప్పుడు ఇది ఎలా చెబుతారో మీ ఇష్టం.

నన్నడిగితే ఇంజినీరింగ్ మానిపించొద్దు. డేటా తెలిసిన పిల్లల అవసరం టీమ్‌లకి ఇప్పుడు చాలా ఉంది, చదువు, మేనేజర్ పని రెండూ ఒకేచోట కుదురుతాయి. సీటు వచ్చిన కాలేజీల బాస్కెట్‌బాల్ ఆఫీసులకి ఈ వేసవిలోనే మెయిల్ రాయమనండి, వాడే రాయాలి, మీరు కాదు. ఈలోపు ఇంట్లో టవల్స్ మడతపెట్టే పని వాడికి అప్పజెప్పండి.