పెరటి బ్రామ్లీ ఆపిల్‌తో పప్పు: బద్ద ఉడకట్లేదు, ముక్క మిగలట్లేదు

రెండింటికీ కారణం ఒకటే: కాయని కందిపప్పుతో కలిపి కుక్కర్లో పెట్టేస్తున్నారు. బ్రామ్లీ పులుపు బద్దని మెత్తబడనివ్వదు. ముక్కేమో మామిడికాయలా నిలబడే రకం కాదు, నురగలా విచ్చిపోతుంది. ఇంగ్లండులో దాన్ని వండుకోవడానికే పెంచేది అందుకే.

1. కప్పు పప్పు, పసుపు మాత్రమే వేసి ఉడికించి మెదపండి.
2. పావుకిలో కాయ ఒకటి, తొక్క తీయకుండా అంగుళం ముక్కలు.
3. అందరూ తప్పేది ఇక్కడే. ఉప్పు, కారం, తాలింపు అన్నీ పడ్డాకే ముక్కలు వేయాలి. సన్న సెగ, 3–4 నిమిషాలు, గరిటె పెట్టి తిప్పొద్దు. తొక్క పచ్చదనం పసుపుకి తిరగ్గానే పొయ్యి కట్టేయండి. మిగతాది ఆ వేడికే మగ్గుతుంది.

అక్టోబరులో కోసి దాచిన కాయకి జనవరికల్లా పులుపు తగ్గుతుంది. అప్పుడు కాస్త చింతపండు పడాల్సిందే.