‘వాషింగ్టన్ డైరీ’ రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ మెయిల్ రెండుసార్లు చదివాను. ముందు ఆ ‘మేడమ్’ మానెయ్. పిన్నీ అను, నా వయసు చూసి పెద్దమ్మా అన్నా నేనేమీ అనుకోను.

మూడు నెలలు మీ అన్నయ్యా వదినల దగ్గర ఉండి ‘వాషింగ్టన్ డైరీ’ పేరుతో వ్యాసాలు రాస్తానన్నావు. ఇల్లు హెర్న్‌డన్‌లో అనీ రాశావు. అంటే నువ్వు ఉండబోయేది వాషింగ్టన్‌లో కాదు. పొటోమాక్ నదికి ఇవతల వర్జీనియా రాష్ట్రంలో, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. వైట్‌హౌస్ ముందు ఫొటో దిగడం ఒక్క పూట పని. మిగతా తొంభై రోజులూ కూరలు కొనేదీ, బట్టలు మడతపెట్టేదీ, కిటికీలోంచి వాన చూసేదీ ఈ కౌంటీలోనే. పదకొండు లక్షల మందికి పైగా ఉన్న చోటు. ఆ తొంభై రోజుల్ని వదిలేసి ఒక్క పూట పేరు పెట్టుకుంటానంటావేం?

నేనూ అదే చేశాను కాబట్టి అడుగుతున్నాను. మొదటిసారి వెళ్ళింది మా అమ్మాయి పురిటికి. ఆరు నెలలు బేస్‌మెంట్ గదిలో ఉన్నాను. ఓ శనివారం మా అల్లుడు మౌంట్ వెర్నన్ తీసుకెళ్ళాడు. జార్జి వాషింగ్టన్ ఇల్లది, పొటోమాక్ ఒడ్డున. చంకలో పసివాడు, భుజాన డైపర్ల బ్యాగు, కారులో పులిహోర డబ్బా. క్యూలో నడిచి గదులు చూశాం, వరండాలో కుర్చీలేస్తే కూర్చుని నది చూశాం, మూడింటికల్లా తిరుగుముఖం పట్టాం. ఆ రాత్రే వ్యాసం రాసేశాను. ‘చల్లని తెల్లని రాతి గోడలు’ అని ఓ ముక్క పడింది. నాకు భలే నచ్చింది కూడా. పత్రికలో వచ్చిన నెలకి ఓ పాఠకుడు కార్డు రాశాడు. ఒకటే వాక్యం: ‘అమ్మా, అది చెక్క ఇల్లండీ.’

సిగ్గుతో నాలుగు రోజులు అన్నం సయించలేదు.

రెండో ప్రయాణంలో ఒక్కదాన్నే వెళ్ళాను. గోడ దగ్గర నిలబడి చూశాను. పైన్ చెక్క పలకలు. రాళ్ళు పేర్చినట్టు కనబడాలని వాటి అంచుల్ని ఏటవాలుగా చెక్కారు. రంగు పచ్చిగా ఉండగానే దాని మీద ఇసుక చల్లారు. పదడుగుల దూరం నుంచి చూస్తే ఎవరైనా రాయే అంటారు. ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్తే ఇసుక రేణువులు విడివిడిగా తెలుస్తాయి. ఓ మూల రంగు పగిలిన చోట సన్నగా చెక్క గీత కనిపించింది. మొదటిసారి ఇదే గోడకి వీపు ఆనించి ఫొటో దిగాను, చూశావా!

గోడ విషయంలోనే ఇంత పొరబడ్డాను, మిగతావి ఎన్ని పొరబడ్డానో అనుకుంటూ ఆ రోజు సాయంత్రం గేటు మూసేదాకా తిరిగాను. వాషింగ్టన్ సమాధి దగ్గరికి జనం బాగానే వస్తారు. అక్కణ్ణుంచి చెట్ల మధ్యగా ఓ బాట కాస్త ముందుకు పోతుంది, అటు వెళ్ళేవాళ్ళు తక్కువ. అక్కడ బానిసల శ్మశానం ఉంది. సమాధుల మీద పేర్లు లేవు. 1799లో ఆయన పోయేనాటికి ఆ ఎస్టేటులో 317 మంది బానిసలు. అందులో ఆయన సొంతం 123 మంది. భార్య పోయాక వాళ్ళని విడుదల చెయ్యమని విల్లు రాశాడు. ఆవిడ అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1న విడిచిపెట్టేసింది. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది ఆవిడ మొదటి భర్త ఆస్తి కింద లెక్క, వాళ్ళని విడిపించే హక్కు ఈ దంపతులిద్దరికీ లేదు. ఈ గుంపూ ఆ గుంపూ కలిసి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. దాంతో కొన్ని ఇళ్ళలో మొగుడికి విడుదల వచ్చింది, పెళ్ళానికి రాలేదు. పిల్లలు తల్లి లెక్కలోకి పోయారు. నేను పులిహోర తిన్న చోట జరిగిన కథ ఇది.

అలాగని 317 అనే అంకె తెచ్చి వ్యాసంలో పెట్టమనడం లేదు. పెట్టినా పాఠకుడు దాటేస్తాడు. ఆ బాటలో ఎంతమంది నడుస్తున్నారో, అక్కడికొచ్చాక గొంతులు తగ్గుతున్నాయో లేదో చూసి రాయి.

ఇక ఊళ్ళ సంగతి. ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరు ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో లేదు! వర్జీనియాలో సిటీ అంటే ఏ కౌంటీకీ చెందదు. ఆ ఊరు 1961లో సిటీ అయింది, విడిపోయింది. చుట్టూ కౌంటీయే, కౌంటీ కోర్టూ అక్కడే. గుంటూరు ఊరు గుంటూరు జిల్లాలో లేదంటే మనకెలా ఉంటుందో అలా ఉంటుంది. కౌంటీ ఏర్పడింది 1742లో. పేరు లార్డ్ ఫెయిర్‌ఫాక్స్ అనే దొరది. ఆయన కింద 50 లక్షల ఎకరాలకు పైనే ఉండేది. మన జమీందార్లెవరూ పనికిరారు. ఆ భూములు కొలిచే జట్టుతో వాషింగ్టన్ పదహారేళ్ళప్పుడు బయల్దేరాడు. మొదట్లో ఆ మహానుభావుడి పని భూములు కొలవడం.

ఫెయిర్‌ఫాక్స్ ఊళ్ళో 1800 నాటి పాత కోర్టు భవనం ఉంది. వాషింగ్టన్ విల్లూ, ఆయన భార్య మార్తా విల్లూ ఈ కౌంటీ కోర్టు రికార్డులే. 1860లలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధంలో మార్తా విల్లుని ఎవరో సైనికుడు ఎత్తుకుపోయాడు. అది చేతులు మారి మారి చివరికి కోటీశ్వరుడు జె.పి. మోర్గాన్ సేకరణలో తేలింది. వర్జీనియా ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాక 1915లో వెనక్కొచ్చింది. దీని మీద నేనైతే ఓ కథ రాసి ఉండేదాన్ని. నువ్వు రాయి. అదే ఊరి లైబ్రరీలో వర్జీనియా రూమ్ అని ఉంది. ఈ ప్రాంతపు పాత మ్యాపులూ, కుటుంబ చరిత్రలూ, ఫొటోలూ అన్నీ అందులో. అక్కడి సిబ్బందిని మొహమాటపడకుండా అడుగు. వచ్చీరాని ఇంగ్లిష్‌లో నేనే అడిగాను, నీకేం?

నువ్వు ఆగస్టు చివర దిగుతానన్నావు. సెప్టెంబరు 1న వీలైతే ఇదే కౌంటీలోని ఆక్స్ హిల్ వెళ్ళు. అంతర్యుద్ధంలో, 1862లో అదే తేదీన సాయంత్రం ఉరుములు మెరుపుల వానలో అక్కడ యుద్ధం జరిగింది. తూటాల మందు తడిసి తుపాకులు పేలక, ఒకరి మీద ఒకరు కలబడి కొట్టుకున్నారు. ఉత్తరాది సైన్యం వైపు ఇద్దరు జనరల్స్, స్టీవెన్స్, కెర్నీ, ఆ ఒక్క సాయంత్రమే చచ్చిపోయారు. ఇప్పుడు మిగిలింది చిన్న పార్కు, ఐదెకరాలు కూడా ఉండదు. చుట్టూ అపార్ట్‌మెంట్లూ, షాపులూ, దగ్గర్లోనే పెద్ద మాలు. ఇద్దరి పేర్లతో రెండు రాళ్ళు పక్కపక్కన నిలబెట్టారు. నేను వెళ్ళిన రోజు ఒకాయన ఆ రాళ్ళ పక్కనుంచే ఫోన్‌లో తెలుగులో ఈఎమ్ఐ గురించి గొడవపడుతూ నడిచిపోయాడు. నా రెండో వ్యాసంలో బాగున్నది అదొక్కటే.

ఫెయిర్‌ఫాక్స్ స్టేషన్ దగ్గర దుర్గమ్మ గుడి ఉంది, మీ వదిన ఎలాగూ తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి కాస్త దూరంలో సెయింట్ మేరీస్ అనే చిన్న చర్చి. అదే 1862లో గాయపడిన సైనికుల్ని రైలెక్కించడానికి తెచ్చి ఆ కొండవాలున పడుకోబెట్టారు. వాళ్ళకి గంజీ గుడ్డా చూసిన క్లారా బార్టన్ తర్వాత అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపించింది. గుడి ప్రసాదం చేతిలో ఉండగానే అక్కడికీ వెళ్ళొచ్చు.

షాంటిలీలో సల్లీ అని 1794 నాటి ఇల్లుంది. డల్లెస్ విమానాశ్రయానికి (టెక్సస్‌లోని డాలస్ కాదు) అడ్డమని కూల్చబోయి ఆపారు. బానిసలు ఉండే గుడిసె ఎలా ఉండేదో మళ్ళీ కట్టి చూపిస్తారు. దాని గుమ్మంలో నిలబడితే నెత్తిమీంచి విమానాలు పోతుంటాయి. వాటిలో ఒకదాన్లోనే నువ్వు దిగుతావు.

తిరగడానికి మీ అన్నయ్య వీకెండ్ మీద పడకు. వారమంతా పనిచేసిన పిల్లాడు శనివారం నీకు డ్రైవర్ కావాలా? 2022 నుంచి హెర్న్‌డన్‌కి మెట్రో వచ్చింది, సిల్వర్ లైను. మౌంట్ వెర్నన్‌కి మధ్యలో ఎల్లో లైను మారి, హంటింగ్టన్‌లో దిగి, కౌంటీ బస్సు ఎక్కాలి. రెండు గంటలు పైనే పడుతుంది, పట్టనీ. బస్సులో నర్సులూ, వంటవాళ్ళూ, ఇళ్ళు తుడిచే ఆడవాళ్ళూ కూర్చుంటారు. ఈ కౌంటీని నడిపే మనుషుల్ని నేను చూసింది బస్సులోనే, మా అల్లుడి కారులోంచి కనబడలేదు.

పొద్దున్నే నడవడానికి పాత రైలుబాట ఉంది. 1968లో రైళ్ళు ఆగిపోయాక పట్టాలు తీసేసి నడకబాట చేశారు, 45 మైళ్ళు. హెర్న్‌డన్ నడిబొడ్డునుంచే పోతుంది, పాత స్టేషను ఇంకా ఉంది. నేను మనవడి స్ట్రోలర్ బండి తోసుకుంటూ రోజూ ఆ స్టేషను దాకా వెళ్ళి బెంచీ మీద కూర్చునేదాన్ని. మూడో వారానికి కుక్కని నడిపించే ఓ ముసలాయన చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. ఐదో వారానికి పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు ఈ చుట్టుపక్కలంతా పాడి పొలాలేనట, పాల డబ్బాలు రైలెక్కేవట. ఏ మ్యూజియంలోనూ నాకు అలా ఎవరూ చెప్పలేదు. మూడో వారందాకా ఆగాలి మరి.

నువ్వు పంపిన నమూనా పేజీ గురించి. ‘అద్దంలాంటి రోడ్లు’ కొట్టెయ్. డాలర్లని రూపాయల్లోకి మార్చడం మొత్తం పుస్తకంలో ఒక్కసారికి మించొద్దు. ‘మన దగ్గర ఇలా ఉండదు’ అన్న వాక్యం ఒక్క పేజీలోనే మూడుసార్లుంది. ఉండదని మాకూ తెలుసు తల్లీ. ‘క్రమశిక్షణ గల ప్రజలు’ అన్నావు, ఇంకా వెళ్ళకముందే! నీ పేజీలో నాకు నచ్చింది ఒక్కటే, వీసా ఇంటర్వ్యూ లైన్లో ముందున్న పెద్దావిడ ఫైలు జారిపోకుండా చీర కొంగుతో కట్టుకోవడం. అది చూసింది నువ్వు, మిగతాదంతా ఎక్కడో చదివింది.

రోజుకో పేజీ నోట్సు రాసుకో, వ్యాసం మాత్రం అక్కడుండగా రాయకు. ఫోన్‌లో ఫొటోలు తగ్గించు. అక్టోబరులో ఆకులు ఎర్రబడతాయి, అందరూ వాటి గురించే రాస్తారు, నువ్వూ రాస్తావు. రాసుకో, కాకపోతే ఒక్క పేరా.

మీ వదినకి చెప్పు, మెంతికూర కుండీలు పెరట్లో పెట్టొద్దని. జింకలొచ్చి ఒక్క రాత్రిలో మేసేస్తాయి. నా తులసి మొక్కనీ వదల్లేదు, పొద్దున్న లేచి చూస్తే పుల్ల మిగిలింది. మా అమ్మాయి నవ్వింది, నేను ఏడ్చాను. స్వెట్టర్ ఒకటి చేతి బ్యాగులో ఉంచుకో. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోనే, రెండు కవర్లు చుట్టి.

ఆశీస్సులతో,
మీ పిన్ని