తొమ్మిదో తరగతిలోనే బడి మాన్పించాలా?

ప్రశ్న: మా బాబు తొమ్మిదో తరగతి. జిల్లా వంద మీటర్ల పరుగులో ఫస్ట్ వచ్చాడు. పేరుకు ఎక్కడో అడ్మిషన్ ఉంచి, బడికి పంపకుండా రోజంతా ప్రాక్టీస్ చేయిస్తామని ఓ అకాడమీ అంటోంది. ముందుముందు స్పోర్ట్స్ కోటా కూడా వస్తుందట. ఏది మంచిది?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: జిల్లా పోటీలు అయ్యాయంటే చాలు, ఇలాంటి ఉత్తరాలు వరసగా వస్తాయి. ఇప్పుడు పంపకపోతే అవకాశం చేజారిపోతుందేమోనని మీ టెన్షన్. చేజారదు. పద్నాలుగేళ్లకు ఏ తలుపూ మూసుకుపోదు.

హెరాల్డ్ అబ్రహామ్స్ సంగతి వినండి. ఇంగ్లండ్ కుర్రాడు, కేంబ్రిడ్జిలో లా చదివాడు. 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఫైనల్‌కు కూడా చేరలేదు. అయినా చదువు మానలేదు, పరుగూ మానలేదు. తర్వాత శామ్ ముసాబినిని కోచ్‌గా పెట్టుకున్నాడు. అది అమెచ్యూర్ల కాలం, అంటే డబ్బు కోసం కాకుండా ఆట కోసమే ఆడేవాళ్ల కాలం. డబ్బు తీసుకుని నేర్పేవాళ్లంటే క్రీడా పెద్దలకు చిన్నచూపు. 1924లో పారిస్‌లో అబ్రహామ్స్ 10.6 సెకన్లలో స్వర్ణం గెలిచినప్పుడు ముసాబిని స్టేడియంలోనే లేడు. దగ్గర్లో ఓ గదిలో కూర్చున్నాడు. బ్రిటన్ జాతీయగీతం వినబడ్డాక గానీ తన శిష్యుడు గెలిచాడని తెలియలేదు. పట్టలేని సంతోషంతో తన గడ్డి టోపీకి గుద్ది చిల్లు పెట్టాడంటారు.

మరుసటి ఏడాదే లాంగ్ జంప్ చేస్తూ అబ్రహామ్స్ కాలు విరిగింది. పాతికేళ్లకే పోటీలు ముగిశాయి. కానీ చదువుంది కాబట్టి లాయరయ్యాడు. పత్రికల్లో అథ్లెటిక్స్ గురించి రాశాడు, బీబీసీ రేడియోలో కామెంటరీ చెప్పాడు. 1978లో చనిపోయేదాకా ఆ ఆటకు దూరం కాలేదు.

ఇప్పుడు మీ అకాడమీ. బడి లేని ఈ పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. తొడ కండరం పట్టేసి ఆర్నెల్లు కూర్చోవాల్సి వస్తే బాబు ఏం చేస్తాడు? ఫీజు కనుక్కున్నారు, హాస్టల్ కనుక్కున్నారు. ఫిజియో ఉన్నాడా అని అడిగారా? కోపం తెచ్చుకోకండి, మీ రెండు పేజీల ఉత్తరంలో కోటా మాట నాలుగుసార్లు ఉంది. బాబుకు పరుగెత్తడం ఇష్టమేనా అన్నది ఒక్కసారీ లేదు. వాడి కాళ్లను మీ భయానికి తాకట్టు పెట్టకండి.

పొద్దున్నే మంచి కోచ్ దగ్గర గ్రౌండ్, తర్వాత బడి, వారానికో రోజు పూర్తి విశ్రాంతి. ఈ వయసుకు ఇది చాలు. పదో తరగతి అయ్యాక వాడి టైమింగ్ ఎంత తగ్గిందో చూసి మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరం బాబునే రాయమనండి.